బీజగణితంలో మర్యాదలూ న్యాయాలూ

ఏడు, ఎనిమిది తరగతుల జవాబు పత్రాలు దిద్దే లెక్కల మాస్టార్లకు మూడు రకాల ఎర్రగీతలు బాగా అలవాటు. 3క అనే సమాసంలో క విలువ 5 అని ఇస్తే పిల్లవాడు 35 అని రాస్తాడు. (క + చ)² ను విస్తరించమంటే క² + చ² అంటాడు. (క + 1)(క + 2) ను సూక్ష్మీకరించమంటే, ఇంతకంటే చిన్నగా ఏం రాస్తామనుకుని, ఉన్నదాన్నే మళ్ళీ రాసి వదిలేస్తాడు. మూడు చోట్లా మార్కులు పోతాయి. మూడు చోట్లా 'నియమాలు సరిగ్గా నేర్చుకో' అన్న ఒకే మాట పడుతుంది.

ఇవి మూడు వేర్వేరు జాతుల తప్పులు. మొదటిది మనుషులు తమలో తాము చేసుకున్న ఒప్పందం తెలియక జరిగింది. రెండోది సంఖ్యల స్వభావానికే విరుద్ధం. ఏ దేశంలో ఏ లిపిలో రాసినా అది తప్పే. మూడోది అసలు తప్పే కాదు, ప్రశ్న అడిగినవాళ్ళు తమకేం కావాలో చెప్పలేదు. బీజీయ సమాసాలు రాయడానికీ సూక్ష్మీకరించడానికీ మన బడుల్లో చెప్పే నియమాలు ఈ మూడింటినీ ఒకే గాటన కడతాయి. బీజగణితం పేరెత్తితే పిల్లలు బెదిరిపోవడానికి సగం కారణం ఇదేనని నా అభిప్రాయం. ఏది ఎందుకు పాటించాలో తెలియనప్పుడు అన్నీ బట్టీ పట్టాల్సిందే. బట్టీ పట్టినవి పరీక్ష హాల్లో ఒకదాంతో ఒకటి కలిసిపోతాయి.

బడి పుస్తకాల్లో ఎక్స్, వై, జెడ్ ఉంటాయి. నేనిక్కడ క, చ, ట వాడుతున్నాను. అక్షరం ఏదైతేనేం, లెక్క మారదు. మన దేశపు బీజగణిత పండితులు శతాబ్దాల పాటు చేసిన పనీ ఇదే.

రాతలో మర్యాదలు

సమాసం అంటే కొన్ని పదాల కూడిక. 4క² − 7క + 9 లో మూడు పదాలున్నాయి: 4క², −7క, 9. రెండో పదం 7క కాదు, −7క. గుర్తు పదానిదే, దాని ముందున్న ఖాళీది కాదు. ఈ ఒక్క సంగతి మొదట్లోనే స్థిరపడితే తర్వాతి చిక్కుల్లో చాలా భాగం రావు. అక్షరం ముందున్న అంకె గుణకం, అక్షరం నెత్తిన చిన్నగా ఉండేది ఘాతాంకం. ఇంతవరకు పేర్లే.

రాసే తీరుకు కట్టుబాట్లు కూడా కొద్దే. గుణకారపు గుర్తు రాయం, 3 × క ను 3క అంటాం. అంకె ముందు, అక్షరం వెనక. గుణకం 1 అయితే వదిలేస్తాం. అక్షరాలు వర్ణమాల వరుసలో నడుస్తాయి, ఘాతాలు పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతాయి. వీటిలో ఏది తప్పినా విలువ మారదు. క3 + 1చ అని రాసిన పిల్లకు లెక్క రాదని కాదు, ఆ ఊరి ఆచారం ఇంకా అలవడలేదని అర్థం. అందుకు మార్కు కోయడం నాకు సబబుగా తోచదు. చెబితే చాలు.

ఒక్క ఆచారం మాత్రం పిల్లల్ని నిజంగానే పడేస్తుంది. పక్కపక్కన రాస్తే గుణించినట్టు అని చెబుతాం. కానీ 35 అంటే ముప్పైకి ఐదు కలపడమని ఆ పిల్లవాడు ఒకటో తరగతి నుంచీ నేర్చుకున్నాడు. 3½ అంటే మూడుకు అర కలపడం. పక్కన పెడితే కూడిక అన్నది అతని ఇన్నేళ్ళ అనుభవం. 3క దగ్గరకు వచ్చేసరికి అదే పక్కపక్కతనం గుణకారమైంది, ఆ మలుపు వచ్చిందని మాత్రం ఎవరూ చెప్పలేదు. అక్షరం స్థానంలో అంకె పెట్టేటప్పుడు బ్రాకెట్టుతో సహా పెట్టు, 3(5) అని రాయి, అని ఒక్కమాట అంటే 35 పుట్టదు. క విలువ −2 అయినప్పుడు కూడా ఆ బ్రాకెట్టే కాపాడుతుంది. క² అంటే (−2)², అంటే 4. బ్రాకెట్టు మరిచి −2² అని రాస్తే −4 అవుతుంది.

తమాషా ఏమిటంటే, భాస్కరాచార్యుడి కాలంలో ఆ పిల్లవాడి ఊహే ఒప్పు. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో తెలియని రాశి అవ్యక్తం. ఒకటికి మించి ఉంటే వాటికి రంగుల పేర్లు. 1150 నాటి భాస్కరుడి బీజగణితంలో ఈ పద్ధతి నిండుగా కనిపిస్తుంది. మొదటి తెలియని రాశి యావత్తావత్తు, సంకేతం యా. తర్వాతివి కాలకం, నీలకం, పీతకం, లోహితకం; సంకేతాలు కా, నీ, పీ, లో. తెలిసిన సంఖ్యకు రూ. వర్గానికి వ, ఘనానికి ఘ. రెండు వేర్వేరు అవ్యక్తాల లబ్ధానికి భావితం అని పేరు. గుణకం అక్షరానికి వెనక వస్తుంది. ఋణ సంఖ్య నెత్తిన చుక్క పెడతారు. కూడికకు గుర్తే లేదు, పదాల్ని పక్కపక్కన పెడితే కలిపినట్టే. మనం 3క² + 5క + 7 అని రాసేదాన్ని వాళ్ళు యా వ 3 యా 5 రూ 7 అని రాసేవారు. 1881లో పెషావర్ దగ్గర దొరికిన బక్షాలీ రాతప్రతిలో ఇంకో విచిత్రం ఉంది. అంకె వెనక మన ప్లస్ లాంటి గుర్తు కనిపిస్తే అది ఋణ సంఖ్య!

గుర్తులు అసలే లేకుండా కూడా బీజగణితం నడిచింది. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ సమీకరణాలన్నిటినీ మాటల్లోనే చెప్పాడు, అంకెలతో సహా. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పద్యాల్లో లెక్కలు కట్టాడు. ఛందస్సుకు ప్లస్సూ మైనస్సూ అక్కర్లేదు కదా. యూరప్‌లో కూడిక, తీసివేతల గుర్తులు అచ్చులో కనబడింది 1489లో, విడ్మన్ పుస్తకంలో. సమానపు గీతల జంట 1557లో రాబర్ట్ రెకార్డ్ పెట్టాడు. 1591లో వియెట్ తెలియనివాటికి అచ్చులు, తెలిసినవాటికి హల్లులు కేటాయించాడు. 1637లో డెకార్ట్ ఆ ఏర్పాటును మార్చి, తెలియనివాటికి వర్ణమాల చివరి అక్షరాలు, తెలిసినవాటికి మొదటి అక్షరాలు వాడాడు. ఇప్పటికీ ప్రపంచమంతా అదే వాడుక. ఘాతాంకాన్ని నెత్తిన రాసే పద్ధతి కూడా ఆయనదే, అయినా వర్గం వచ్చినప్పుడు తరచూ అదే అక్షరాన్ని రెండుసార్లు రాసేసేవాడు. గుణకారపు అడ్డగుర్తు 1631లో ఆట్రెడ్ తెచ్చాడు. అది ఎక్స్ అక్షరంలా ఉండి గందరగోళపెడుతోందని, చుక్క మేలని 1698లో లైబ్‌నిజ్ ఒక ఉత్తరంలో రాశాడు. మనం గుర్తును మింగేయడానికి కారణాల్లో ఆ చిరాకు కూడా ఒకటి.

ఈ చరిత్ర పిల్లలకు పరీక్ష కోసం అక్కర్లేదు. కానీ ఇవన్నీ మరోలా ఉండగలిగేవేననీ, ఒకప్పుడు ఉన్నాయనీ చెప్పే మాస్టారి క్లాసులో 3క దగ్గర తడబడిన పిల్లవాడు తనను తాను మొద్దు అనుకోడు.

బోడ్‌మాస్ మీద ఒట్టు

మర్యాదల్లోకెల్లా ఎక్కువ తగవులు తెచ్చేది చేసే వరుస. 2019లో 8 ÷ 2(2 + 2) అనే చిన్న లెక్క ప్రపంచమంతటా ఫోన్లలో తిరిగింది. 16 అన్నవాళ్ళూ, 1 అన్నవాళ్ళూ నువ్వా నేనా అనుకున్నారు. ఇద్దరూ బోడ్‌మాస్ మీదే ఒట్టేశారు. న్యూయార్క్ టైమ్స్‌లో స్టీవెన్ స్ట్రోగాట్జ్ అనే గణితవేత్త దీని మీద వ్యాసమే రాయాల్సి వచ్చింది. ఎడమ నుంచి వరుసగా చేస్తే 8 ÷ 2 = 4, దాన్ని 4తో గుణిస్తే 16. బ్రాకెట్టుకు అంటుకున్న 2 ను దాంతో కలిపి ఒకే ముద్దగా చూస్తే 8 ÷ 8 = 1.

ఇందులో గణితం ఏమీ లేదు. రెండు ఒప్పందాలు ఢీకొన్నాయి, అంతే. బడి ఒప్పందం ప్రకారం గుణకారం, భాగహారం సమాన హోదా గలవి, ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. భౌతికశాస్త్ర పత్రిక ఫిజికల్ రివ్యూ శైలీ సూచిక మాత్రం గీత వాలుగా పెట్టి ఒకే వరుసలో రాసినప్పుడు గుణకారాన్నే ముందు చేయాలంటుంది. 1/2క అని రాస్తే దానికి 2క అంతా హారమే. రెండు కంపెనీల కాలిక్యులేటర్లు, ఒక్కోసారి ఒకే కంపెనీ రెండు మోడళ్ళు, ఇలాంటి లెక్కకు వేర్వేరు జవాబులివ్వడానికి కారణం ఇదే. ఈ గొడవంతా చూసే కాబోలు, గణిత సంకేతాల అంతర్జాతీయ ప్రమాణపత్రం ÷ గుర్తునే వాడొద్దంటోంది. ఆ గుర్తు డెన్మార్క్, నార్వేల్లో చాలాకాలం తీసివేతకు చెల్లింది, అది వేరే కథ. అడ్డగీత కింద హారం రాస్తే తగవే రాదు, ఎందుకంటే ఆ గీతే పైనొకటి, కిందొకటి బ్రాకెట్టు వేసినట్టు పనిచేస్తుంది.

బోడ్‌మాస్ అనే మాట కూడా తనవంతు హాని చేస్తుంది. భాగహారం అక్షరం ముందుంది కాబట్టి భాగహారాలన్నీ ముందు, కూడిక అక్షరం ముందుంది కాబట్టి కూడికలన్నీ ముందు అని పిల్లలు అర్థం చేసుకుంటారు. 10 − 4 + 3 కు 3 అని జవాబిస్తారు, నాలుగూ మూడూ ఏడు, పదిలోంచి ఏడు పోతే మూడు. జవాబు 9. అమెరికా పిల్లలు నేర్చుకునే పెమ్‌డాస్‌లో గుణకారం అక్షరం ముందుంటుంది. అక్కడి పిల్లలు తిరగేసిన తప్పు చేస్తారు. పోటీ పరీక్షల కోచింగ్ పుస్తకాలు బోడ్‌మాస్‌కు ముందొక అక్షరం తగిలించి గీత బ్రాకెట్టును కూడా చేరుస్తాయి. అక్షరాలు పెరిగిన కొద్దీ అర్థం పెరగలేదు. 10 − 4 + 3 అంటే 10, −4, +3 అనే మూడు పదాల కూడిక అని చూస్తే ఏ వరుసలో కలిపినా 9 వస్తుంది, బోడ్‌మాస్ అవసరమే పడదు.

యంత్రాలు కూడా ఈ ఒప్పందాలకు పూర్తిగా కట్టుబడవు. ఎక్సెల్ గడిలో −3 వర్గం అని టైపు చేస్తే, బ్రాకెట్టు లేకపోయినా, 9 వస్తుంది. పైథాన్‌లో అదే రాస్తే −9. గణిత పుస్తకాల వాడుక ప్రకారం −9 ఒప్పు. ఘాతం మీద ఘాతం వచ్చినప్పుడూ అంతే. రెండు నెత్తిన మూడు, మూడు నెత్తిన రెండు ఉంటే పై నుంచి కిందికి రావాలన్నది ఆచారం, జవాబు 512. ఎక్సెల్ ఎడమ నుంచి వెళ్ళి 64 అంటుంది. బ్యాంకు వడ్డీ లెక్కలు వేసేవాళ్ళు బ్రాకెట్టు ధారాళంగా వాడాలని అందుకే చెబుతారు.

ఒక్క న్యాయం

ఇక న్యాయాలు. ఇక్కడ ఒప్పందాలకు చోటు లేదు. సూక్ష్మీకరణకు బడిలో చెప్పే సూత్రాలు ఏరితే పదీ పదిహేను తేలతాయి. సజాతి పదాల్నే కలపాలి. మైనస్ ముందుంటే బ్రాకెట్టులో గుర్తులన్నీ మారతాయి. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్. బయటి అంకె లోపలున్న ప్రతి పదాన్నీ గుణిస్తుంది. రెండు బ్రాకెట్లుంటే ఇందులో ప్రతిదాన్నీ అందులో ప్రతిదాంతో గుణించాలి. ఉమ్మడి కారణాంకాన్ని బయటికి తీయొచ్చు. ఇన్ని పేర్లతో తిరుగుతున్నది ఒకే ఒక్క విభాగ న్యాయం: ట(క + చ) = టక + టచ. కూడికలో, గుణకారంలో వరుస మార్చుకోవచ్చు, జతలు మార్చుకోవచ్చు అన్నవి కూడా కావాలి గానీ, వాటిని పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఒప్పుకుంటారు. విభాగ న్యాయాన్నే నేర్పాలి.

సజాతి పదాల నియమం ఆ న్యాయాన్ని కుడి నుంచి ఎడమకు చదవడమే. 3క + 5క = (3 + 5)క = 8క. 3క + 5చ లో ఉమ్మడిగా బయటికి తీయడానికి ఏమీ లేదు, కాబట్టి అలాగే ఉంటుంది. 3క + 5క² లో క బయటికి వస్తుంది, క(3 + 5క) అవుతుంది, ఒకే పదం మాత్రం కాదు. ఒకే జాతివైతే కలుపు లేదా తీసివెయ్యి, వేరు జాతివైతే విడివిడిగా ఉంచు అని భాస్కరుడు కూడా చెప్పాడు.

మన క్లాసుల్లో దీనికి చెప్పే కారణం వేరు. మూడు మామిడిపండ్లు, ఐదు అరటిపండ్లు కలిపితే ఎనిమిది మామిడిపండ్లు కావు కదా, అంటారు. వినడానికి బాగుంటుంది, ఆ రోజుకు పని జరుగుతుంది. కానీ అక్షరం అంటే వస్తువు అని మనసులో ముద్ర పడిపోతుంది. అక్షరం వస్తువు కాదు, సంఖ్య. క మామిడిపండు అయితే క² ఏమిటి? మామిడిపండును అరటిపండుతో గుణిస్తే వచ్చే కచ ఏమిటి? లండన్ చెల్సీ కాలేజీలో 1970లలో జరిగిన పెద్ద సర్వేలో డీట్‌మార్ కూష్‌మన్ పిల్లలు అక్షరాన్ని ఆరు రకాలుగా చూస్తారని తేల్చాడు. వాటిలో వస్తువుగా చూడడం ఒకటి. నీలం పెన్సిలు 5 పెన్నీలు, ఎర్ర పెన్సిలు 6 పెన్నీలు, కొన్ని కొన్ని కొంటే మొత్తం 90 పెన్నీలైంది, సమీకరణం రాయండి అంటే చాలామంది 'నీ + ఎ = 90' తరహాలో రాశారు. 'నీ' వాళ్ళకు నీలం పెన్సిళ్ళ సంఖ్య కాదు, నీలం పెన్సిళ్ళు.

పెద్దయ్యాక కూడా ఇది వదలదు. 1981లో క్లెమెంట్, లాక్‌హెడ్, మంక్ అనే ముగ్గురు అమెరికా పరిశోధకులు అచ్చేసిన వ్యాసంలో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులకిచ్చిన ప్రశ్న ఒకటుంది. ఒక్కో ప్రొఫెసర్‌కు ఆరుగురు విద్యార్థులు, సమీకరణం రాయండి. మూడో వంతుకు పైగా తప్పు రాశారు. ఎక్కువమంది రాసిన తప్పు: 6వి = ప్రొ. ఆరుగురు విద్యార్థులకు ఒక ప్రొఫెసర్ అని ఎడమ నుంచి కుడికి చదివినట్టే రాసేశారు. విద్యార్థుల సంఖ్య పెద్దది, దాన్ని మళ్ళీ ఆరుతో గుణిస్తే ప్రొఫెసర్ల సంఖ్య ఎలా వస్తుందని ఆగి చూడలేదు.

2క + 3 ను 5క చేసేయడానికి కారణం ఇంకొకటి. అంకగణితంలో ప్లస్ అంటే 'కలుపు' అనే ఆజ్ఞ. కలిపితే ఒకే అంకె మిగలాలి, అప్పుడే లెక్క తెగినట్టు. బీజగణితంలో 2క + 3 ఆజ్ఞా, జవాబూ రెండూ. అలా తెగకుండా మిగిలినదాన్ని జవాబుగా ఒప్పుకోవడమే పిల్లలకు పెద్ద అడ్డంకి అని ఆస్ట్రేలియాకు చెందిన కెవిన్ కాలిస్ 1970లలోనే గమనించాడు. దీన్ని దాటించే ప్రయత్నాల్లో నాకు బాగా నచ్చింది మన దేశంలోనే జరిగింది. ముంబైలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రానికి చెందిన రాఖీ బెనర్జీ, కె. సుబ్రమణ్యం ఆరో తరగతి పిల్లలకు అక్షరాల కంటే ముందు అంకెల సమాసాలనే పదాలుగా విడగొట్టి చూడడం నేర్పారు. 19 − 7 + 4 × 3 లో పదాలేవి, విలువ కట్టకుండానే ఏ రెండు సమాసాలు సమానం, అని అడిగారు. 2012లో అచ్చయిన వాళ్ళ వ్యాసం చదివితే చేసే వరుస, బ్రాకెట్టు విప్పడం, సజాతి పదాలు మూడూ ఒకే చూపులో ఎలా కుదురుతాయో తెలుస్తుంది. 2025లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ ఏడో తరగతి పుస్తకం గణిత ప్రకాశ్ కూడా అక్షరాల కంటే ముందు అంకెల సమాసాలకు ఒక అధ్యాయం ఇచ్చింది. మంచి వరుస.

మైనస్ సంగతి. బ్రాకెట్టు ముందు మైనస్ ఉంటే అది −1 అనే గుణకం. −(క − 4) అంటే −1 ను క తోనూ, −4 తోనూ గుణించడం: −క + 4. గుర్తులు మారతాయన్నది ఫలితం, కారణం ఇది. మొదటి పదం గుర్తు మార్చి రెండోదాన్ని వదిలేసే పిల్లలు ఫలితాన్ని మాత్రమే నేర్చుకున్నవాళ్ళు. ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనం అని బ్రహ్మగుప్తుడు 628లోనే రాశాడు. ఎందుకంటారా? 1 + (−1) సున్నా. దాన్ని −1 తో గుణిస్తే సున్నాయే రావాలి. విభాగ న్యాయంతో విప్పితే −1 + (−1)(−1) = 0. అంటే (−1)(−1) ఒకటి కాక తప్పదు. ఇది ఎవరి ఇష్టం కాదు. విభాగ న్యాయాన్ని ఉంచుకోదలిస్తే ఇంతే. 'మైనస్ ఇంటూ మైనస్ ప్లస్' లోంచి ఇంటూ రాలిపోయి 'మైనస్ మైనస్ ప్లస్' అయ్యాక −3 − 5 కు +8 రాసే పిల్లలున్నారు. పాటలాగా నేర్పితే పాటలాగానే గుర్తుంటుంది.

వర్గం దగ్గరి తప్పు కూడా ఇక్కడిదే. (క + చ)² అంటే (క + చ)(క + చ). విభాగ న్యాయం రెండుసార్లు వేస్తే క² + కచ + చక + చ². సంఖ్యల్లో కచ, చక ఒకటే కాబట్టి నడుమ 2కచ. 3, 4 పెట్టి చూస్తే ఒకవైపు 49, రెండోవైపు 25; ఎంత పోయిందో కనిపిస్తుంది. ఇంటర్లో మాత్రికలకు వచ్చిన విద్యార్థికి నడిమి మెట్టు విలువ తెలుస్తుంది. అక్కడ గుణకారంలో వరుస మారిస్తే జవాబు మారిపోతుంది, కాబట్టి 2కచ అని రాయకూడదు, కచ + చక దగ్గరే ఆగాలి. 1843లో హామిల్టన్ క్వాటర్నియన్లు కనిపెట్టినప్పుడు వరుస మార్చుకునే హక్కును వదులుకోవాల్సి వచ్చింది. విభాగ న్యాయాన్ని మాత్రం వదల్లేదు. సూత్రం మాత్రమే కంఠస్థం చేసినవాళ్ళకు ఇదంతా కొత్త పాఠం. మెట్లు తెలిసినవాళ్ళకు పాత పాఠమే.

ఘాతాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. క³ × క² లో మొత్తం ఎన్ని క లున్నాయో లెక్కపెట్టుకుంటే క⁵ వస్తుంది. క⁰ = 1 అన్నది ఆ లెక్కను చెడకుండా నిలబెట్టుకోవడానికే.

కొట్టివేతలు మాత్రం ప్రమాదకరం. (క + 5)/క లో పైనా కిందా క ఉందని గీత కొట్టి 5 అనేయడం సర్వసాధారణం. కొట్టివేతకు అర్హత కారణాంకానికే గానీ కలిపిన పదానికి కాదు. ఇది సరిగ్గా చేసినవాళ్ళు కూడా మరిచేది ఇంకొకటుంది. (క² − 1)/(క − 1) = క + 1 అని రాస్తాం; క విలువ 1 అయినప్పుడు ఎడమవైపుకు అర్థమే లేదు, కుడివైపు 2. కాబట్టి 'క ≠ 1 అయితే' అన్న షరతు జవాబులో భాగం. 1 = 2 అని నిరూపించే గారడీల్లో చాలావరకు ఈ షరతును దాచినవే. సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు బ్రహ్మగుప్తుడు. ఒక రాశిని సున్నాతో గుణించి మళ్ళీ సున్నాతో భాగిస్తే అది చెక్కుచెదరదన్నాడు భాస్కరుడు. అంతటివాళ్ళకే కొరుకుడు పడని చోటిది, ఎనిమిదో తరగతిలో ఒక పంక్తిలో దాటేస్తాం.

ఇంకో తప్పు ఏకంగా పాఠాల సరిహద్దులో పుడుతుంది. 3క + 6 ను సూక్ష్మీకరించమంటే మూడుతో భాగించి క + 2 రాసేవాళ్ళు, లేదా తామే '= 0' తగిలించి క = −2 అని సాధించేవాళ్ళు కనిపిస్తారు. సమీకరణానికి రెండు పక్షాలుంటాయి, రెండింటికీ ఒకే పని చేయొచ్చు. సమాసానికి రెండో పక్షం లేదు. విలువ మార్చకుండా రూపం మార్చడం తప్ప దానికి ఇంకేమీ చేయడానికి వీల్లేదు.

ఏది సూక్ష్మం?

రూపం మార్చాలి, సరే, ఏ రూపానికి? పుస్తకాలు మాట్లాడనిది ఇక్కడే. (క + 1)(క + 2) సూక్ష్మమా, క² + 3క + 2 సూక్ష్మమా? ఎప్పుడు సున్నా అవుతుందో కావాలంటే మొదటిది. చూడగానే −1, −2 అని తెలుస్తుంది. ఇంకో సమాసంతో కలపాలంటే రెండోది. (1 + క)¹⁰⁰ ను విస్తరిస్తే 101 పదాలు. (క¹⁰⁰ − 1)/(క − 1) ను కొట్టివేసి 'సూక్ష్మీకరిస్తే' వంద పదాల బారు వస్తుంది. చిన్నదే సూక్ష్మం అన్న సూత్రం పెట్టుకుంటే ఒకచోట విప్పకూడదు, ఇంకోచోట కొట్టకూడదు.

విలువ కట్టే యంత్రానికి కావలసిన రూపం మరొకటి. 2క³ − 6క² + 2క − 1 ను ఉన్నదున్నట్టు కడితే ఆరు గుణకారాలు. ((2క − 6)క + 2)క − 1 అని మడిచి కడితే మూడు. పదో పరిమాణపు బహుపదికి 55 బదులు 10 చాలు. 1819లో హార్నర్ పేరున ప్రచారంలోకి వచ్చిన ఈ మడతను చైనా గణితజ్ఞులు అంతకు శతాబ్దాల ముందే వాడారు. గుణకాల మీద ముందుగా ఏ కసరత్తూ చేసి పెట్టుకోనప్పుడు అంతకంటే తక్కువ గుణకారాలతో ఏ బహుపదికైనా పనికొచ్చే పద్ధతి ఉండదని 1966లో విక్టర్ పాన్ నిరూపించాడు. బడి కళ్ళతో చూస్తే ఆ మడత వికారంగా ఉంటుంది, దాన్ని ఎవరూ సూక్ష్మరూపం అనరు.

రూపాన్ని బట్టి జవాబు మారే సందర్భాలు కూడా ఉన్నాయి. ఆరు అంకెలే నిలుపుకోగల యంత్రం ఒకటుందనుకోండి. క = 10001, చ = 10000. క² − చ² గా కడితే 10001 వర్గం 100020001 లో చివరి మూడంకెలు పోయి 100020000 మిగులుతుంది. దాంట్లోంచి 100000000 తీస్తే 20000. (క − చ)(క + చ) గా కడితే 1 × 20001 = 20001, సరిగ్గా. కాగితం మీద సమానమైనవి యంత్రంలో సమానం కాలేదు. కంప్యూటర్ల లోపలా అంకెలకు హద్దుంది, కాకపోతే ఆ హద్దు ఇంకాస్త దూరం.

బీజగణితం చేసే కంప్యూటర్ ప్రోగ్రాములు వచ్చాక ఈ ప్రశ్న తప్పించుకోలేనిదైంది. ఎంఐటీలో మాక్సిమా అనే ప్రోగ్రాము మీద పనిచేసిన జోయెల్ మోసెస్ 1971లో సూక్ష్మీకరణ మీద ఒక సమీక్ష రాశాడు. అందులో ప్రోగ్రాములు రాసేవాళ్ళను రాజకీయ పక్షాల్లా విడదీశాడు. ఇచ్చిన ప్రతి సమాసాన్నీ ఒకే ఖాయమైన మూసలోకి విప్పిపోసేవాళ్ళు అతివాదులు. అడగనిదే దేన్నీ ముట్టుకోనివాళ్ళు సంప్రదాయవాదులు. ఉదారవాదులు, కొత్త వామపక్షీయులు, పలు రూపాలు పక్కపక్కన ఉంచుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఎవరిది ఒప్పు అన్న తీర్పు అక్కడ దొరకదు, పనిని బట్టి పక్షం. అంతకు మూడేళ్ళ ముందే, 1968లో, డేనియల్ రిచర్డ్‌సన్ ఇంకా గట్టి మాట నిరూపించాడు. బహుపదులకు సైను, ఘాతీయ ప్రమేయం, పరమమూల్యం, పై, రెండు యొక్క సంవర్గమానం చేర్చుకుంటే, ఇచ్చిన సమాసం అంతటా సున్నాయేనా కాదా అని ప్రతిసారీ తేల్చగల యాంత్రిక పద్ధతి ఉండనే ఉండదు. సున్నాను గుర్తుపట్టడమే సాధ్యం కానిచోట అందరికీ ఒకే సూక్ష్మరూపం ఎక్కడిది?

బహుపదుల దగ్గర అంత కష్టం లేదు. అన్నీ విప్పి, సజాతి పదాలు కలిపి, ఘాతాల వరుసలో పేరిస్తే ప్రతిదానికీ ఒకే రూపం వస్తుంది. కాబట్టి బడి ప్రశ్నపత్రంలో 'సూక్ష్మీకరించండి' బదులు 'విస్తరించి సజాతి పదాలు కలపండి' అనో, 'కారణాంకాలుగా రాయండి' అనో అడిగితే ప్రశ్న ప్రశ్నలా ఉంటుంది. మార్కు పోయినా ఎందుకు పోయిందో తెలుస్తుంది.

చేసినది సరిపోయిందో లేదో చూసుకోవడానికి మాస్టారి దాకా వెళ్ళక్కర్లేదు. మొదటి సమాసంలోనూ చివరి సమాసంలోనూ ఒకే సంఖ్య పెట్టి చూడొచ్చు; విలువలు వేరైతే ఎక్కడో తప్పింది, ఖాయం. ఒకటే అయితే మాత్రం అప్పుడే ధీమా పడకూడదు. ఒకే అక్షరం ఉన్న రెండో పరిమాణపు సమాసాలు రెండు చోట్ల కలిసి కూడా వేరువేరువి కావచ్చు, మూడు చోట్ల కలిస్తేనే ఒకటి. పరిమాణం ఎంతో అంతకు ఒకటి ఎక్కువ సంఖ్యలు పెట్టి చూడాలి. పెట్టే సంఖ్యల్ని కూడా చూసి ఎంచుకోవాలి. పిల్లలు సులువని 0, 1, 2 ల వైపే వెళతారు. 0 గుణకాల తప్పులన్నిటినీ మింగేస్తుంది. 1 పెడితే క, క², క³ ఒకటే అయిపోతాయి. 2 ఇంకా మాయలాడి: క + క, క × క, 2క, క² అన్నీ 4 అంటుంది. 3 పెడితే మొదటిదీ మూడోదీ 6, రెండోదీ నాలుగోదీ 9.